సంఘ క్రమశిక్షణ ఎందుకు సన్నగిల్లింది? – బాప్టిస్టు సంఘాల నేపథ్యంలో పరిశీలన

తప్పు చేసిన సభ్యుణ్ణి మొదట ఏకాంతంగా, తరువాత ఒకరిద్దరు సాక్షుల ఎదుట, మూడోమారు సంఘం ముందు మందలించాలనీ, అప్పటికీ మారకపోతే వెలుపలివానిగా ఎంచాలనీ మత్తయి సువార్త 18వ అధ్యాయం నిర్దేశిస్తోంది. 1561 నాటి బెల్జిక్ విశ్వాస ప్రమాణం నిజమైన సంఘానికి చెప్పిన మూడు గుర్తులలో క్రమశిక్షణ ఒకటి. ఈ బోధను సువార్తిక సంఘాలు సాధారణంగా కాదనవు. ఆచరణ మాత్రం అరుదు.

అమెరికాలోని జార్జియా రాష్ట్ర బాప్టిస్టుల చరిత్ర ఈ వైరుధ్యాన్ని బాగా చూపుతుంది. అంతర్యుద్ధానికి పూర్వం అక్కడి సంఘాలు శనివారాల్లో సమావేశమై తాగుడు, నాట్యం, కలహం వంటి అభియోగాలను విచారించేవి. గ్రెగరీ విల్స్ 1997లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఏటా సుమారు 2 శాతం సభ్యులను బహిష్కరించేవి. అయినా సంఘాలు పెరిగాయి. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలకు ఈ విచారణలు దాదాపు ఆగిపోయాయి. వ్యాజ్య భయమే ఇందుకు కారణమనడం సరికాదు. సంఘాన్ని విడిచిన సభ్యురాలిపై చర్య కొనసాగించరాదన్న ఓక్లహోమా సుప్రీంకోర్టు తీర్పు 1989 నాటిది. క్షీణత అంతకు ఎంతో ముందరిది.

అసలు కారణం సభ్యత్వ స్వరూపంలో ఉంది. అప్పట్లో ఊరు మారిన సభ్యుడు పాత సంఘం ఇచ్చిన యోగ్యతా పత్రంతో కొత్త సంఘంలో చేరేవాడు. ఆ పత్రం అడిగేవారు లేనప్పుడు బహిష్కరణ శిక్ష కాదు, కేవలం చిరునామా మార్పు.

తెలుగునాట ఒంగోలు ప్రాంతంలో జాన్ క్లౌ కొత్త విశ్వాసులకు మూడు నియమాలు పెట్టాడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. పల్లె పెద్దల పంచాయితీ పద్ధతినే ఆయన సంఘ వ్యవహారాలకూ వాడుకున్నాడు. ఆ విశ్వాసుల్లో అత్యధికులు మాదిగలు. తరతరాలుగా ఊరి వెలుపల ఉంచబడినవారికి ‘వెలి’ అన్న మాట వేదాంత పరిభాషగా మాత్రమే వినిపించదు. ఈ కోణం మన పరిశోధనల్లో ఇంకా విస్తరించవలసి ఉంది.

నేడు పట్టణాల్లోని అనేక స్వతంత్ర సంఘాల్లో పాత సంఘం నుంచి పత్రం తెమ్మనే ఆచారం లేదు. ఉన్న కాస్త క్రమశిక్షణ కూడా తరచు బలహీనులపైనే, ముఖ్యంగా పెళ్లి విషయాల్లో, ప్రయోగింపబడుతోంది. ఆరోపణ కాపరిపైనే వస్తే? స్థలం, భవనం, బ్యాంకు ఖాతా ఆయన కుటుంబం చేతిలో ఉన్నచోట మత్తయి చెప్పిన మూడో మెట్టే ఉండదు. ఫిర్యాదు చేసినవారే మరో సంఘం వెతుక్కుంటారు.