బడి మూతబడినను చదువు నిలువరాదు

2020 మార్చిలో కరోనా వ్యాధి ప్రబలిన కారణమున దేశమందలి పాఠశాలలన్నియు మూతబడినవి. మధ్యలో కొన్ని తరగతులకు తెరవబడినను, మరల మూయవలసి వచ్చినది. తుదకు ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టు 16వ తేదీన, తెలంగాణలో సెప్టెంబరు 1వ తేదీన పాఠశాలలు తిరిగి ప్రారంభమైనవి. ఉపాధ్యాయుడొకచోట, విద్యార్థి వేరొకచోట ఉండి ఇంతకాలము చదువు సాగింపవలసిన అవసరము మన గ్రామములకు మునుపెన్నడును కలుగలేదు. ఆ అనుభవము నుండి గ్రామ పంచాయతీలు గ్రహింపవలసిన విషయములను ఇచట వివరింపదలచినాము.

ప్రసారమైన పాఠములు

ఆంధ్రప్రదేశ్‌లో 2020 వేసవి నుండి దూరదర్శన్ సప్తగిరి ద్వారా పాఠములు ప్రసారము చేయబడినవి. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1వ తేదీ నుండి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్ల ద్వారా బోధన సాగినది. కేరళలో జూన్ 1వ తేదీననే 'ఫస్ట్ బెల్' అను పేర టెలివిజను పాఠములు ప్రారంభమైనవి; ఇంట టెలివిజను లేని పిల్లల కొరకు అచట గ్రంథాలయములలోను, అంగన్‌వాడీలలోను ఏర్పాట్లు జరిగినవి. జార్ఖండ్‌లోని దుమ్కా జిల్లాలో కొందరు ఉపాధ్యాయులు లౌడుస్పీకర్లలో పాఠములు చెప్పిరి. ఇండ్ల గోడలపై నల్లబల్లలు ఏర్పరచి, పిల్లలను ఎడమెడముగా కూర్చుండబెట్టి చదివించిరి.

ఈ ఉదాహరణములలో ఒక సంగతి స్పష్టమగుచున్నది. ఖరీదైన పరికరములు లేని చోటను చదువు సాగినది. సాగిన ప్రతి చోటను, ప్రతి పిల్లవాని సంగతియు అరసి చూచిన మనుష్యులు ఉండిరి.

పిల్లవానికి పాఠము అందినదా?

తరగతిలో ఉపాధ్యాయుడు పిల్లల ముఖములను చూచి, అర్థము కానిచో మరల చెప్పును. టెలివిజను ఆగదు, అడుగదు, పలక దిద్దదు. సెల్‌ఫోను సంగతియు అంతంత మాత్రమే. ఇంటనున్న ఒక్క ఫోను తండ్రితోపాటు పొలమునకో, కూలికో పోవును. సాయంకాలము అది ఇంటికి వచ్చినపుడు ఇద్దరు ముగ్గురు పిల్లలలో ఆడపిల్ల వంతు తరచుగా తుదకు వచ్చును. సిగ్నలు అందని తండాలు, గూడెముల సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

గ్రామీణ విద్యపై జరుగు 'అసర్' సర్వే 2020లో దేశమున బడిలో చేరియున్న గ్రామీణ బాలలలో 61.8 శాతము మంది ఇండ్లలో స్మార్ట్‌ఫోను ఉన్నట్లు తెలిపినది. అయినను సర్వేకు ముందటి వారములో పాఠశాల నుండి ఏదేని పాఠ్యసామగ్రి అందినది మూడవ వంతు పిల్లలకు మాత్రమే. దీని ఫలితము తరువాత బయటపడినది. రెండవ తరగతి పాఠమును చదువగల మూడవ తరగతి పిల్లలు 2018లో 27.3 శాతము ఉండగా, 2022 నాటికి 20.5 శాతమునకు తగ్గిరి. 2024లో ఇది 27.1 శాతమునకు చేరినది. పోయినది తిరిగి వచ్చినదని సంతసింపవచ్చును గాని, నేటికిని నలుగురిలో ముగ్గురు ఆ పాఠమును చదువలేకున్నారని మరువరాదు.

ప్రధానోపాధ్యాయుని బాధ్యత

బడి మూతబడిన వేళ ప్రధానోపాధ్యాయుడు చేయవలసిన పనులు ముఖ్యముగా మూడు. మొదటిది, పిల్లలను ఉపాధ్యాయులకు పంచి, ఎవరి పిల్లల యోగక్షేమములకు వారు బాధ్యులగునట్లు చేయుట. రెండవది, పాఠ్యభాగమును తగ్గించి, చదువుట, వ్రాయుట, లెక్కలు అను మూలాంశములకు ప్రాధాన్యమిచ్చుట. మూడవది, ఇచ్చిన పనిని తిరిగి తెప్పించి, దిద్ది, తప్పు ఎచట జరిగినదో పిల్లవానికి తెలియజెప్పుట. ఈ మూడవ పని జరుగనిచో మొదటి రెండును వ్యర్థములే. దిద్దబడని వర్క్‌షీటు కేవలము కాగితము.

పంచాయతీ చేయదగినది

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో ప్రాథమిక, మాధ్యమిక విద్యయు, గ్రంథాలయములును పేర్కొనబడినవి. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య కమిటీలో స్థానిక సంస్థల ప్రతినిధులకు స్థానమున్నది. అందు నాల్గింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగము మంది స్త్రీలు ఉండవలెను. కావున ఇది ఉపాధ్యాయుల పనియే అని పంచాయతీ సభ్యులు ఊరకుండుటకు వీలులేదు.

మొట్టమొదట వార్డుల వారీగా పిల్లల పట్టీ తయారు చేయవలెను. ఎవరి ఇంట టెలివిజను ఉన్నది, ఫోను పగటివేళ ఇంట ఉండునా, చదువు చెప్పగల పెద్దలు ఉన్నారా అను వివరములు అందు వ్రాయవలెను. పంచాయతీ కార్యాలయమో, గ్రంథాలయమో పిల్లలు కూర్చుండుటకు సిద్ధపరుపవలెను. ప్రతి వాడకును చదువుకొన్న యువతీయువకులను ఒకరిద్దరిని ఎన్నుకొని, వారానికొకసారి ప్రధానోపాధ్యాయునితో కూర్చుండబెట్టవలెను. కరోనా కాలమున మధ్యాహ్న భోజనమునకు బదులు బియ్యము ఇండ్లకు ఇవ్వబడినది. అట్టి పంపిణీ దినముననే వర్క్‌షీట్లు ఇచ్చి పుచ్చుకొన్నచో వేరుగ శ్రమ ఉండదు.

బడి తెరచిన మొదటి వారములో పట్టీ తీసి, రాని పిల్లల ఇండ్లకు సభ్యులు స్వయముగా పోవలెను. కూలికి పోయిన బాలుడును, పెండ్లి మాటలు జరుగుచున్న బాలికయు ఆ పట్టీలోనే కనబడుదురు. ఆలస్యమైన కొలది వారిని తిరిగి తెచ్చుట కష్టము.

ముందుచూపు

బడులు మూతబడుటకు మహమ్మారియే రానక్కరలేదు. తీరప్రాంతమున తుపాను వచ్చినపుడు పాఠశాల భవనమే ఆశ్రయ కేంద్రమగును. 2024 సెప్టెంబరులో బుడమేరు, మున్నేరు వరదల వేళ విజయవాడ, ఖమ్మము ప్రాంతముల ప్రజలు పడిన ఇక్కట్లు అందరికిని తెలిసినవే. నీరు ఇండ్లలోనికి వచ్చిన పిదప పట్టీ వ్రాయుటకు తీరిక ఉండదు.

మరియొక మాట. 2020లో ఒకటవ తరగతిలో చేరవలసిన పిల్లలు నేడు ఉన్నత పాఠశాల మెట్లెక్కియున్నారు. అక్షరములు నేర్పవలసిన యేట వారికి బడి లేదు. వారిలో తెలుగు పాఠమును తడబడక చదువగలవారెందరో, భాగహారము చేయగలవారెందరో రాబోవు కమిటీ సమావేశములో ప్రధానోపాధ్యాయుని అడిగి తెలిసికొనుడు. వెనుకబడినవారికి ప్రతిదినము ఒక గంట ప్రత్యేకముగా చెప్పించు ఏర్పాటు పంచాయతీకి భారము కానేరదు. ఆ గంట మన గ్రామములోని పిల్లలకు న్యాయముగా రావలసిన బాకీయే.