వీడియో ఆటలకు జనుల చందాలు: మేలా, కీడా?

పదిమంది చందాలు వేసికొని ఒక కార్యము నెరవేర్చుట మనకు క్రొత్త గాదు. గుడి కట్టుటకు, గ్రంథాలయము నెలకొల్పుటకు, నాటకము ఆడించుటకు చందా పుస్తకము పట్టుకొని ఇల్లిల్లు తిరుగుట మనమెరిగినదే. చలనచిత్రమునకు సైతము ఇట్లు జరిగినది. 1976లో వెలువడిన ‘మంథన్’ చిత్రమునకు గుజరాతు పాడిరైతులు ఐదు లక్షలమంది తలకు రెండేసి రూపాయలు ఇచ్చిరి. దానిని తీసిన శ్యామ్ బెనెగల్ మన హైదరాబాదున పుట్టి పెరిగినవారు. ఈ పద్ధతియే ఇంటర్నెట్టు మూలమున దేశదేశముల వారికి అందుబాటులోనికి రాగా క్రౌడ్‌ఫండింగ్ అని పేరు పొందినది. నేడు పిల్లలు, పిల్లలననేల, పెద్దలును ఆడుచున్న వీడియో ఆటలలో కొన్ని ఇట్టి చందాలతో పుట్టినవే. ఇందువలన ఆ ఆటలకు మేలు కలిగినదా, కీడు కలిగినదా యని ఇచట విచారింతము.

వీడియో ఆటను నిర్మించుటకు చిత్రకారులు, సంగీతకారులు, కథకులు, కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారు ఏండ్ల తరబడి పని చేయవలెను. అమ్మకము మొదలగువరకు రాబడి లేదు; జీతములు మాత్రము నెలనెల ఇవ్వవలసినదే. ఈ పెట్టుబడిని చాలకాలము ప్రచురణ సంస్థలే పెట్టుచు వచ్చినవి. ధనము పెట్టినవాడు పెత్తనము చేయుట లోకసహజము. ఏ ఆట విరివిగా అమ్ముడుపోవునని వారికి తోచునో దానికే ధనము దొరకును. తక్కినవానికి తలుపులు మూతయే. 2009లో అమెరికాలో ఆరంభమైన కిక్‌స్టార్టర్ ఈ తలుపులకు ప్రక్కన వేరొక ద్వారము తెరచినది. నిర్మాత తనకు కావలసిన మొత్తమును, గడువును ప్రకటించును. గడువులోపల అంత మొత్తమునకు వాగ్దానములు రానిచో ఎవరి సొమ్మును తీసికొనరు. వచ్చినచో కిక్‌స్టార్టర్ నూటికి ఐదు తన వంతుగా పుచ్చుకొని మిగిలినది నిర్మాతకు ఇచ్చును.

2012 ఫిబ్రవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునందలి డబుల్ ఫైన్ సంస్థ అధిపతి టిమ్ షేఫర్, ప్రచురణకర్తలు విముఖులైన ఒక పాతరకపు కథాప్రధానమైన ఆట కొరకు 4 లక్షల డాలర్లు కోరెను. నెల తిరుగునప్పటికి 87 వేలకు పైబడిన జనులు 33 లక్షల డాలర్లు కుమ్మరించిరి. అయినను ఆ ధనము చాలలేదు! కోరినదానికి ఎనిమిది రెట్లు వచ్చి చాలకపోవుట విడ్డూరముగా తోచవచ్చును గాని, కారణము వెదకుట కష్టము గాదు. ఆ దేశమున ఇట్టి పనికి మనిషికి నెలకు 10,000 డాలర్ల చొప్పున వ్యయము అంచనా వేయుట పరిపాటి. ఆ లెక్కను 15 మంది రెండేండ్లు పని చేయుటకే 36 లక్షలు కావలెను. వచ్చిన ధనమును చూచి వారు ఆటను పెద్దదిగా తలపెట్టిరి. తుదకు దానిని రెండు ముక్కలు చేసి, మొదటి సగమును 2014 జనవరిలో విక్రయించి, ఆ రాబడి సాయముతో రెండవ సగమును 2015 ఏప్రిలునాటికి పూర్తి చేసిరి. ‘బ్రోకెన్ ఏజ్’ అను ఈ ఆట చెడ్డది గాదు. ఆలస్యమైనను మాట దక్కినది.

అందరికి అట్లు దక్కలేదు. కోరిన మొత్తము దాటినకొలది, ఇంకొంత ఇచ్చినచో ఇంకొక హంగు చేర్చెదమని ఆశ చూపుట ఈ వ్యాపారమున ఆచారమైనది. మా దృష్టిలో అసలు వ్యాధి ఇదియే. జపానుకు చెందిన కేజీ ఇనఫూనే 2013లో ‘మైటీ నంబర్ 9’ కొరకు 9 లక్షల డాలర్లు కోరగా 38 లక్షలు వచ్చినవి. ఆ ఆటను పలువిధములైన యంత్రములపై నడిపింతునని మాట ఇచ్చి, వాయిదాపై వాయిదా వేసి, 2016 జూనులో విడుదల చేయగా ఆటగాండ్రు పెదవి విరిచిరి. క్రిస్ రాబర్ట్స్ 2012లో ఆరంభించిన ‘స్టార్ సిటిజన్’ కథ ఇంకను వింతయైనది. 2014లో ఇత్తునన్న ఆ ఆటకు 2024 నాటికి 70 కోట్ల డాలర్లకు మించి చేరినది. అసంపూర్ణరూపమున దానిని ఆడుకొనవచ్చును. ఇంకను తయారు కాని అంతరిక్షనౌకలను సైతము జనులు ముందుగనే కొనుచున్నారు. పూర్తి చేయకయే ధనము వచ్చుచుండగా పూర్తి చేయవలెనన్న తొందర ఎచటనుండి పుట్టును?

ఇచట చందాదారుని స్థితి యేమి? అతడు వాటాదారుడు గాడు. లాభములో అతనికి పైసా రాదు. కొనుగోలుదారుడును గాడు, తమది అంగడి కాదని కిక్‌స్టార్టర్ వారే 2012లో ప్రకటించిరి. 5 లక్షల 67 వేల డాలర్లు పోగుచేసిన ‘యోగ్‌వెంచర్స్’ అను ఆట 2014లో నిలిచిపోగా, ఇచ్చినవారికి దానికి బదులు వేరొకరి ఆట చేతికి వచ్చినది. కనుక మన యింటి కుఱ్ఱవాడు ఇట్టి చందా ఇత్తునన్నచో, రాకపోయినను బాధపడని మొత్తమే ఇమ్మని చెప్పుట మంచిది.

అట్లని ఈ పద్ధతిని త్రోసివేయుటకు మాకు మనసొప్పదు. టోబీ ఫాక్స్ అను యువకుడు 2013లో ‘అండర్‌టేల్’ కొరకు 5,000 డాలర్లు మాత్రమే కోరెను, 51,000 వచ్చినవి. అంతకుముందే ఆటలో కొంత భాగమును తయారు చేసి జనుల ముందుంచెను. చాలవరకు ఒంటరిగనే శ్రమించి 2015లో పూర్తి చేయగా, అది లోకమంతట పేరుపొందినది. ఏ ప్రచురణకర్తయు ఇట్టి విచిత్రమైన ఆటకు పెట్టుబడి పెట్టియుండడని మా నమ్మకము. కోరిక చిన్నది, చూపినది కంటికి కనబడునది, చేయువారు కొద్దిమంది అయినచోట ఈ చందాలు నిక్కముగా మేలే చేసినవి.

ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరమునందలి టీమ్ చెర్రీ వారిదియు ఇట్టి కథయే. 2014లో 35,000 ఆస్ట్రేలియా డాలర్లు కోరగా 57,000 వచ్చినవి. ‘హాలో నైట్’ 2017లో వెలువడినది. అయితే వీరును ఒక అదనపు హంగు చేర్చెదమని మాట ఇచ్చియుండిరి. ఆటలో హార్నెట్ అను రెండవ పాత్రను కూడ ఆడించు వీలు కల్పింతుమనిరి. ఆ చిన్న మాట పెరిగి పెరిగి ‘సిల్క్‌సాంగ్’ అను వేరొక పెద్ద ఆటయై 2025 సెప్టెంబరులో బయటకు వచ్చినది. 2014లో చందా ఇచ్చినవారికి అది ఉచితము.