పుత్తడి పుట్టుక

గాలికిని, నీటికిని, సామాన్యములైన ఆమ్లములకును లొంగక వేల సంవత్సరములు వన్నె చెడకుండు బంగారము, పాదరసము సోకినంతనే మెత్తబడి దానిలో కలిసిపోవును. ఈ రసాయన స్వభావమే నేడు డెబ్బదికి పైగా దేశములలో కోటిమందికి మించిన పేదలకు జీవనాధారమై, వారికే ప్రాణాంతకమునై యున్నది. ప్రపంచమున ఏటేట వెలికివచ్చు బంగారములో సుమారు అయిదవ వంతు పెద్ద కంపెనీల గనులలోనిది కాదు. ఆఫ్రికాలోను, దక్షిణామెరికాలోను, ఆసియాలోను పలుగు పారలతో కుటుంబములు కుటుంబములుగా త్రవ్వి తీయునట్టిది. వారు రాతిని పొడిగొట్టి, నీటితో కలిపి, ఆ బురదలో పాదరసము పోయుదురు. కంటికానని బంగారు రేణువులను అది ఏరుకొని ముద్ద కట్టును. ఆ ముద్దను గుడ్డలో పిండి నిప్పులపై కాల్చినచో, 357 డిగ్రీల సెంటీగ్రేడునకే మరగు పాదరసము ఆవిరియై పోగా, 1064 డిగ్రీలదాక కరగని బంగారము గుల్లగా మిగులును. చౌకయైన పని, త్వరగా నేర్వదగిన పని; ఇంటి పొయ్యిమీదనే జరుగుటయు కద్దు.

ఆ పొయ్యిచుట్టు తల్లులును బిడ్డలును ఉందురు. పీల్చిన ఆవిరి ఊపిరితిత్తులనుండి రక్తములోనికి, రక్తమునుండి మెదడునకు చేరి చేతులు వణకించును, జ్ఞాపకశక్తిని హరించును, మూత్రపిండములను చెరచును. ఏటిలో కలిసిన పాదరసము చేయు హాని ఇంతకంటె దూరగామి. ప్రాణవాయువు చొరని అడుగుబురదలో కొన్ని సూక్ష్మజీవులు దానిని మిథైల్ పాదరసముగా మార్చును. ఆ రూపమున అది నీటిలోని ప్లవకములలో చేరి, వానిని తిన్న చిరుచేపలలో హెచ్చి, వానిని మ్రింగిన పెద్దచేపలలో మరింత హెచ్చి, తుదకు ఆ చేపలు తిన్న గర్భిణి దేహమునుండి మావిని దాటి శిశువు మెదడును తాకును. 1956లో జపానులోని మినమాట పట్టణమున బయటపడిన వ్యాధి ఇదియే. అచట కారణము ఒక రసాయన కర్మాగారపు మురుగునీరు. పెరూలోని మాద్రె దె దియోస్ సీమలో కారణము బంగారమే; 2016లో ప్రభుత్వము అచట అత్యవసర పరిస్థితిని ప్రకటింపవలసివచ్చెను. 2015 నాటి లెక్కలనుబట్టి, మానవులు గాలిలోనికి విడుచు పాదరసములో సుమారు 38 శాతము ఈ చిన్న గనులదే; బొగ్గు మండించుటవలన కలుగుదానికంటె ఇది అధికము.

మన కంసాలులు అతుకు పెట్టుటకు తరతరములుగా వాడుచున్న వెలిగారమునే ఫిలిప్పీన్సులోని బెంగెట్ సీమ గనివారు పాదరసమునకు బదులుగా వాడుచున్నారు. ఖనిజపు పొడిని పళ్లెములలో శ్రద్ధగా కడిగి, మిగిలిన బరువైన భాగమునకు వెలిగారము చేర్చి కాల్చినచో, తక్కిన ఖనిజములు తక్కువ వేడికే కరగి పైకి తేలును, బంగారము అడుగున నిలుచును. అన్ని రాళ్లకును ఇది పొసగదు. పొసగనిచోట కనీసము ఆవిరిని పట్టి చల్లార్చు మూతపాత్రలైనను ఉండవలెను. 2017 ఆగస్టులో అమలునకు వచ్చి, 2018లో మన దేశము కూడ ఆమోదించిన మినమాట ఒడంబడిక, చిన్న గనులలో పాదరసమును తగ్గించి, వీలైనచోట మాన్పింపవలెనని కోరుచున్నది. అట్లని చిన్న గనివారి సరకునే వెలివేయుట నాకు సమ్మతము కాదు. అది వారిని దొంగరవాణాదారుల పాలు చేయును. న్యాయమైన ధరపై కొంత అదనముగా చెల్లించి కొను ఫెయిర్‌మైన్డ్, ఫెయిర్‌ట్రేడ్ పద్ధతులే మేలైనవి.

పెద్ద గనులు దోషరహితములని తలపరాదు. చిత్తూరు సీమనుండి పోయిన తెలుగు కూలీలును, తమిళ కూలీలును మూడు కిలోమీటర్ల లోతున రాతిధూళి పీల్చి ఊపిరితిత్తులు చెడగొట్టుకొన్న కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. సైనైడుతో బంగారము తీయగా మిగిలిన వ్యర్థపు దిబ్బలు మాత్రము ఊరిప్రక్కనే నిలిచియున్నవి.

కొనువాడు ఇదంతయు ఎరుగుట యెట్లు? గనినుండి వచ్చిన ముడి బంగారములో వెండి, రాగి మొదలైన లేశములుండి, వాని పాళ్లనుబట్టి పుట్టుచోటును కొంతవరకు ఊహింపవచ్చును. కాని శుద్ధిశాలలో పలు చోట్ల బంగారము కలిసి కరగి, 999.9 వన్నెకు వచ్చిన పిమ్మట ఆ లేశములు పోవును. మిగిలిన పరమాణువులలో ఆఫ్రికాదేది, అమెరికాదేది అని ఏ పరికరమును విడదీయజాలదు. ఇంతేకాదు, క్రొత్త బంగారమునే ముతక నగగా పోసి పాత బంగారమని శుద్ధిశాలకు అమ్ముట యను మోసము కలదు. అందువలన పలు వాగులు కలిసిన చెరువునకు తూమువంటి శుద్ధిశాలయొద్దనే తనిఖీ బిగియవలెను. లండను బులియన్ సంఘము 2012నుండి తన శుద్ధిశాలలకు అట్టి నియమములు విధించినది. మన హాల్‌మార్కు ముద్ర 916 అని వన్నె చెప్పును, అక్షరములును అంకెలును కలిసిన ఆరు స్థానముల సంకేతముతో నగను అంగడితో ముడిపెట్టును, గని మాట మాత్రము చెప్పదు. సంకేతము ఉన్నది, దానికి పట్టిక ఉన్నది. శుద్ధిశాల పేరును, మూలదేశమును అందు చేర్చుట అసాధ్యము కాదని నా దృఢాభిప్రాయము.

భారతదేశము వాడు బంగారములో అత్యధిక భాగము దిగుమతియే కనుక ఈ ప్రశ్న మనకు పరాయిది కాదు. పెండ్లి నగలకు అంగడికి పోవు పాఠకులు తరుగు, మజూరీ అడుగునప్పుడే ఈ నగలోని బంగారము ఏ శుద్ధిశాలదని కూడ అడిగి, సమాధానమును రసీదుపై వ్రాయించుకొందురుగాక.