నీళ్ల మీద తేలే తోట.. మన చెరువులకి పనికొస్తుందా?

మట్టి అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. తెప్ప మీద మొక్కలు పెట్టి చెరువులో వదిలితే చాలు, మురికి నీళ్లు బాగుపడతాయి! ఇలాంటి రీల్స్ మీ ఫోన్‌లోకీ వచ్చే ఉంటాయి. మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒకటి పడగానే కింద అందరిదీ ఒకటే ప్రశ్న: ‘ఇది మన చెరువులో వేస్తే కిడ్నీ జబ్బులు తగ్గుతాయా?’

మాది పలాస దగ్గర ఊరు. ఉద్దానంలో నీళ్ల మాట ఎక్కడ మొదలైనా చివరికి అక్కడికే వస్తుంది. మా పెదనాన్న వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్తారు. అందుకే ఈ ప్రశ్నని నవ్వి వదిలేయలేకపోయాను. ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లోనే అయినా, ఏదైనా ఎలా పనిచేస్తుందో విప్పి చూడటం ఇంజినీరింగ్‌లో అబ్బిన అలవాటు.

హైదరాబాద్‌లో చేసి చూపించారు

మణికొండ పక్కన నెక్నాంపూర్ చెరువు ఉంది. చుట్టూ అపార్టుమెంట్లు పెరిగాక మురుగు చేరి, గుర్రపు డెక్క కమ్మేసింది. మధులికా చౌదరి నడిపే ‘ధృవాంశ్’ అనే స్వచ్ఛంద సంస్థ ఈ చెరువుని బాగుచేసే పని తలకెత్తుకుంది. 2018 ఫిబ్రవరి 2న, ప్రపంచ చిత్తడి నేలల దినోత్సవం రోజున, అక్కడ దాదాపు 3,000 చదరపు అడుగుల తేలే తోటని నీళ్లలోకి దింపారు. అడుగున వెదురు, దాని మీద థర్మాకోల్, గోనె సంచులు, పైన కంకర. వాటిలో వట్టివేరు, మెట్ట తామర, జమ్ము లాంటివి సుమారు 3,500 మొక్కలు.

అసలు పని వేళ్లదే

మొక్క పైన కనిపిస్తుంది కానీ పనంతా కింద జరుగుతుంది. మట్టి లేదు కాబట్టి వేళ్లు తిండి కోసం నేరుగా నీళ్లలోకి దిగుతాయి. మురుగులో ఉండే నైట్రోజన్, ఫాస్ఫరస్ వాటికి ఎరువే. ఆ వేళ్ల చుట్టూ బ్యాక్టీరియా జిగురు పొరలా పట్టి, కుళ్లిన పదార్థాన్ని విరగ్గొడుతుంది. నీళ్లలో తేలే నలుసులు వేళ్లకి చిక్కుకుంటాయి. తెప్ప నీడ వల్ల పచ్చని నాచు తగ్గుతుంది.

‘మరి గుర్రపు డెక్క కూడా నీళ్ల మీద తేలే మొక్కే కదా?’ అనొచ్చు. నిజమే, అదీ ఎరువు లాగుతుంది. కానీ అది మన చేతిలో ఉండదు. చెరువంతా కప్పేసి, కుళ్లి, లాగిందంతా మళ్లీ నీళ్లలోకే వదులుతుంది. తెప్ప మీద మొక్కల్ని మనం కోసి బయటికి తియ్యగలం. కొయ్యకుండా వదిలేస్తే మాత్రం రెండిటికీ పెద్ద తేడా లేదు.

కిడ్నీ సంగతేంటి?

సూటిగా చెప్తాను: ఈ తోట తాగునీటిని తయారుచేయదు. నీళ్లలో కరిగిన ఉప్పు, ఫ్లోరైడ్, సిలికా లాంటివాటిని తీసే పని దీనితో అవ్వదు. పైగా ఉద్దానంలో ఏళ్ల తరబడి తాగింది ఎక్కువగా బావి, బోరు నీళ్లు. తెప్ప తేలేది చెరువులో. ఇక జబ్బుకి కారణం నీళ్లేనా, ఎండలో ఒళ్లు వంచి చేసే పనా, పురుగుమందులా, లేక అన్నీ కలిసా అన్నది శాస్త్రవేత్తలే ఇంకా తేల్చలేదు. బగ్ ఎక్కడుందో తెలియకుండా వేరే ఫైల్‌లో కోడ్ మారిస్తే ఏం లాభం?

తాగడానికి దారి వేరే ఉంది. వంశధార మీద హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపుల్లో ఉద్దానానికి నీళ్లు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకాన్ని 2023 డిసెంబర్ 14న ప్రారంభించారు. అదే రోజు పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కూడా మొదలైంది. మనం గట్టిగా అడగాల్సింది ఆ కుళాయి నీళ్ల గురించి: ప్రతి వీధికీ, ప్రతి రోజూ వస్తున్నాయా లేదా అని. ‘చెరువులో తోట వేశాం కదా’ అని ఆ ప్రశ్న మానేస్తే మనకే నష్టం.

అయితే వద్దా?

వద్దని కాదు. దీని చోటు వేరు, అంతే. వీధి కాలువ వచ్చి కలిసే చెరువు, పశువులు దిగే చెరువు, వాసనకి ముక్కు మూసుకుని నడిచే గట్టు.. అక్కడ ఇది పనికొస్తుంది. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి కదా. వాటికి మేత దొరికేది నౌపడ చిత్తడి నేలల్లోనే. నీటిని వడకట్టే పని అలాంటి నేలలు ఎప్పటి నుంచో చేస్తున్నాయి. తేలే తోట వాటికి చిన్న నకలు. కాబట్టి ఉన్న చిత్తడి నేలని పూడ్చేసి తెప్ప కట్టడంలో అర్థం లేదు.

మీ ఊళ్లో చేద్దామనుకుంటే ఈ నాలుగూ చూసుకోండి:

ఒకటి, ముందు మురుగు ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోండి. ఊరంతటి మురుగునీ ఒక్క తెప్ప మొయ్యలేదు.

రెండు, థర్మాకోల్ విరిగి ముక్కలైతే అదే కొత్త చెత్త. వెదురు, మూత బిగించిన ఖాళీ డబ్బాలు, కొబ్బరి పీచు వాడొచ్చు. కొబ్బరి పీచుకి ఉద్దానంలో కొదవా?

మూడు, తాళ్లతో గట్టిగా లంగరు వెయ్యండి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి చెట్లనే కూల్చిన గాలికి తెప్ప ఒక లెక్కా?

నాలుగు, కోత ఎవరు కోస్తారో ముందే రాసుకోండి. మురుగులో పెరిగిన ఆ ఆకుని పశువులకి వెయ్యకండి.

తెప్ప దింపిన రోజు ఫొటోకి అందరూ వస్తారు. ఆరు నెలల తర్వాత కొడవలి పట్టుకుని నీళ్లలోకి దిగే నలుగురి పేర్లు గ్రూపులో ముందుగా పడితే, అప్పుడు వెదురు కొనండి.