వ్రేలిముద్రకు విలువ యెంత?

కళ్యాణదుర్గము బజారులో నేడు టీ యంగడికి బోయినను, కూరగాయల తట్టయొద్ద నిలిచినను, నలుపు తెలుపు గళ్ల చీటి యొకటి కన్నులబడును. కొనువాడు తన సెల్‌ఫోనును దానికెదురుగ బట్టి అంకెలు నొక్కును. అంగడిలోని చిన్న పెట్టె ఇన్ని రూపాయలు ముట్టినవని తెలుగున బలుకును. అక్షరము రాని వర్తకుడు సైతము ఆ పలుకు విని సరకు చేతికిచ్చును. ఈ దృశ్యమును జూచినవారు, నగదు లేని చెల్లింపులకు మన దేశము సిద్ధమైనదా యని యింకను ప్రశ్నించుట యేల యందురు.

అదే వీథిలో నాలుగడుగులు నడచినచో బ్యాంకు ప్రతినిధి బల్ల కానవచ్చును. అచ్చట నొక వృద్ధురాలు యంత్రముపై బొటనవ్రేలు మోపుచుండును. ఒకమారు పడదు, వ్రేలు తుడిచి మరల మోపును. యంత్రముపై నేవో అక్షరములు వెలుగును. అవి యామెకు దెలియవు. ప్రతినిధి యిచ్చిన నోట్లను లెక్కించి కొంగున ముడివేసికొనును. చేతికి వచ్చినదెంతో ఆమె యెఱుగును. ఖాతానుండి పోయినదెంతో ఆ ప్రతినిధి చెప్పినంతయే యెఱుగును. మన ప్రశ్నకు ప్రత్యుత్తరము టీ యంగడికడ దొరకునది కాదు. ఈ బల్లకడ వెదకవలసినది.

వ్రేలిముద్రకును మన రైతునకును గల సంబంధము క్రొత్తది కాదు. సగటున నేటికి 550 మిల్లీమీటర్లకు మించి వాన యెఱుగని యీ మెట్టసీమలో, విత్తనపు వేరుశనగకై షావుకారు గుమ్మమెక్కని కుటుంబము లరుదు. ప్రామిసరీ నోటుపై నేమి వ్రాసియున్నదో తెలియకయే తాతలు బొటనవ్రేలికి సిరా పూసికొనిరి. నూరు పుచ్చుకొన్నచోట రెండు నూర్లు వ్రాయబడినను కాదనుటకు వారికి సాక్ష్యము లేకపోయెను. సిరా పోయి యంత్రము వచ్చినది. వ్రేలు మోపువానికి తాను దేనికి సమ్మతించుచున్నాడో తెలియుచున్నదా యను ప్రశ్న మాత్రము తీరలేదు.

సాధించినదానిని తక్కువచేసి చెప్పుట న్యాయము కాదు. 2016 ఏప్రిలులో మొదలైన యూపీఐ పద్ధతి, 2023 ఆగస్టునాటికి ఒక్క నెలలో 1000 కోట్ల చెల్లింపులను దాటినది. 2025 ఆగస్టున 2000 కోట్లను మించినది. పేదదేశమునకు ఇట్టివి తగవనువారికి కెన్యా దేశము అంతకు ముందే సమాధానము చెప్పినది. 2007లో అచ్చట మొదలైన ఎం-పెసా, బ్యాంకు ముఖమెఱుగని పల్లెలకు సాధారణమైన ఫోనుద్వారానే ధనము చేర్చినది. మన సీమనుండి బెంగుళూరునకు వలసపోయిన కూలివాడు పూర్వము ఇంటికి ధనము పంపవలెనన్న మనియార్డరు వ్రాయించుటో, ఊరికి బోవు మనుష్యుని వెదకుటో చేయవలసియుండెను. నేడు వారము కూలి ముట్టిన సాయంకాలమే తల్లి ఖాతాకు బంపుచున్నాడు. ఇది స్వల్పమైన మేలు కాదు.

ఐనను నగదు పోలేదు. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు రద్దైనపుడు చలామణిలోని ధనములో నూటికి 86 వంతులు చెల్లక పోయెను. అది మన మెట్టలలో వేరుశనగ పంట చేతికి వచ్చి, కూలీలకు నిత్యము నగదు కావలసిన కాలము. ఆ నెలలోనే నగదు రహిత చెల్లింపులపై ముఖ్యమంత్రుల సంఘ మొకటి యేర్పడెను. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు దానికి సారథ్యము వహించిరి. 2017 జనవరి 24న సమర్పించిన నివేదికలో, చిన్న వర్తకులు మంచి ఫోను కొనుటకు 1000 రూపాయల సాయమీయవలెనని ఆ సంఘము సూచించినది. యత్నము గట్టిదే. కాని నోట్ల రద్దునాటికి సుమారు 18 లక్షల కోట్లుగా నున్న చలామణి, 2024 మార్చినాటికి సుమారు 35 లక్షల కోట్లయ్యెను. ఫోను చెల్లింపులును పెరిగినవి, నగదును పెరిగినది. ప్రజలు రెంటిని దగ్గరనుంచుకొనిరి. దీనిని మౌఢ్యమనుట తగదు. ఒక్క బావినే నమ్ముకొని బ్రదుకరాదని కరవుసీమవారికి వేఱుగ నేర్పనక్కరలేదు.

యంత్రమును ఎట్లు వాడిన మేలు, ఎట్లు వాడిన కీడు అనుటకు దూరదేశముల దృష్టాంతములు అవసరము లేదు. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురము జిల్లా బండ్లపల్లెలోనే ప్రారంభమైనది. తరువాత ఆ కూలిని స్మార్టుకార్డు, వ్రేలిముద్రల సాయమున నిచ్చు పద్ధతి రాష్ట్రమున వచ్చెను. మురళీధరన్, నీహౌస్, సుఖ్‌తాంకర్ అను ఆర్థికశాస్త్రవేత్తలు 8 జిల్లాలలో 157 మండలములందు దానిని పరీక్షించి 2016లో ఫలితములు ప్రకటించిరి. కూలి త్వరగా ముట్టెను. నడుమ తినివేయువారి వాటా తగ్గెను. కూలీలలో నూటికి తొంబదిమందికి పైగా క్రొత్త పద్ధతియే మేలనిరి. అయితే అచ్చట రెండు విశేషములు గమనింపవలెను. ధనమును ఊరిలోనే, తరచు ఆ యూరి స్త్రీయే, నగదుగ చేతికిచ్చెను. కార్డు లేనివారికిని, వ్రేలిముద్ర పడనివారికిని కూలి నిరాకరింపబడలేదు. అదే పండితులు పిమ్మట ఝార్ఖండ్ చౌకడిపోలలో ఆధార్ నిర్బంధమును పరిశీలించినపుడు, ఆధార్‌తో ముడిపడని కార్డులవారిలో న్యాయముగ రావలసిన బియ్యము కోల్పోయినవారు కనబడిరి. వ్రేలిముద్ర రెండుచోట్లను ఒకటే. ఒకచోట అది తలుపు తెరచు తాళపుచెవి యయ్యెను. రెండవచోట తలుపున బిగించిన గడియ యయ్యెను.

2024 వేసవి మఱియొక పాఠము చెప్పినది. 2020 ఫిబ్రవరినుండి రాష్ట్రమున సాంఘిక పింఛనులను వలంటీర్లు ఇంటికి దెచ్చి, వ్రేలిముద్ర తీసికొని, నగదుగ ముట్టజెప్పుచుండిరి. శాసనసభ యెన్నికల తరుణమున, ఈ పనినుండి వలంటీర్లను తప్పింపవలెనని యెన్నికల సంఘము మార్చి నెల చివర నాదేశించెను. మే నెలలో పింఛనుదారులలో అధికసంఖ్యాకులకు ధనము బ్యాంకు ఖాతాలలో బడెను. పుస్తకలెక్క ప్రకారము చెల్లింపు పూర్తియైనట్లే. కాని మండుటెండలో వృద్ధులు బ్యాంకులచుట్టు దిరిగిరి. కొందరి ఖాతాలు వాడుకలేక మూలబడియుండెను. కొందరి ధనమును బ్యాంకు పాతరుసుములు ముందే మ్రింగెను. జూలై 1న 65 లక్షలకు పైబడిన పింఛనుదారుల యిండ్లకు సచివాలయపు ఉద్యోగులు మరల నగదు గొనిపోయిరి. ఆదేశము న్యాయమా, వలంటీర్ల వ్యవస్థ మంచిదా యను తగవు మన విషయము కాదు. ఖాతాలో ధనము పడుట వేఱు, మనుష్యునకు ధనము ముట్టుట వేఱు. ఈ రెంటి నడుమ పది మైళ్ల యెండ యుండవచ్చును.

భద్రత మాటకు వత్తము. పిన్ సంఖ్య దొంగల పాలైనచో మార్చుకొనవచ్చును, బొటనవ్రేలిని మార్చుకొనలేము. ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వ్రేలిముద్ర యను మూడున్నచో ఖాతానుండి నగదు తీయు పద్ధతి యున్నందున, ముద్ర పోయిన ధనమును బోవును. 2018లో తెలంగాణమున నొక సిమ్ కార్డుల వ్యాపారి, భూముల రిజిస్ట్రేషను దస్తావేజులపైనున్న వ్రేలిముద్రలను దింపి, కృత్రిమ ముద్రలు తయారుచేసి, వేలకొలది సిమ్ములను చెలామణి చేసి పట్టుబడెను. రైతు తన భూమి తనదని చాటుటకు వేసిన ముద్రయే దొంగకు సాధనమయ్యెను. 2023లో ఆధార్ సంస్థ సజీవమైన వ్రేలినే గుర్తించు పద్ధతిని ప్రవేశపెట్టినది. వ్రేలిముద్రలకు తాళము వేసికొను వసతియు నున్నది. కాని ఆ తాళము సెల్‌ఫోనులోనో, కంప్యూటరులోనో యున్నది. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, తాము స్వయముగ వాడుకొను సెల్‌ఫోను గల స్త్రీలు దేశమున నూటికి 54 మంది మాత్రమే. తక్కిన 46 మంది తాళము వేయించుకొనుటకు ఎవరి నాశ్రయింపవలెను?

ఇక న్యాయము మాట. ఖాతాదారుని యనుమతి లేక ధనము పోయినపుడు నష్టమెవరిదో చెప్పుచు రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఆదేశమొకటి వెలువరించెను. బ్యాంకు తప్పిదమైనచో ఖాతాదారునికి నష్టము లేదు. తప్పు ఇరువురిదియు గాక మూడవవానిదైనచో, వర్తమానమందిన మూడు పనిదినములలో దెలుపవలెను. తప్పు ఖాతాదారునిదే యని నిరూపించు భారము బ్యాంకుపై నుంచబడెను. మంచి నిబంధనమే. అయితే వర్తమానము వచ్చునది సెల్‌ఫోనునకు, అదియు తరచు ఆంగ్లమున. ఆ ఫోను కుమారునితో బెంగుళూరులో నున్నచో మూడు దినము లెట్లు లెక్కింపవలెను? రహస్యసంఖ్యను తానే చెప్పినవానికి, ఫిర్యాదు చేయువఱకు గల నష్టము తనదే యని యా యాదేశమే యనుచున్నది. మోసగాండ్రు అడుగుచున్నది సరిగా ఆ సంఖ్యనే కదా! మోసమైన వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెనని ప్రభుత్వము చెప్పుచున్నది. ఆ గడియలలో దెలిపినచో పోయిన ధనము నడుమ నాగవచ్చును. ఆ సంఖ్య బ్యాంకు గోడపై గాక, చావడి గోడపై వ్రాయబడినదా? లేనిచో దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొఱిగిన సామెతయే యగును.

ధనికదేశములు మనకన్న సిద్ధముగ నున్నవనుకొనుటయు భ్రమయే. నగదును దాదాపుగ విడిచిన స్వీడను దేశమున, పెద్ద బ్యాంకులు నగదు సేవలను తప్పక నడుపవలెనని 2020లో చట్టము వచ్చెను. విపత్కాలమునకై కొంత నగదు ఇంటనుంచుకొనుడని 2024 నవంబరులో ఇంటింటికి బంపిన పుస్తకమున ప్రభుత్వము హెచ్చరించెను. 2025 ఏప్రిలు 28న స్పెయిన్, పోర్చుగల్ దేశములలో విద్యుత్తు పోయినపుడు జేబులో నాణెములున్నవాడే రొట్టె కొనగలిగెను. అదే సంవత్సరము మార్చి 26న, ఏప్రిలు 12న మన యూపీఐయు కొన్ని గంటలు స్తంభించెను.

కావున దేశము సిద్ధమా యను ప్రశ్నను రెండుగ విభజింపవలెను. యంత్రము సిద్ధము; దానిని నిర్మించిన మన యింజనీర్లకు నమస్కారము. నష్టపోయిన పేదవానికి న్యాయము మాత్రమింకను సిద్ధము కాలేదు. అందులకు కావలసినవి అసాధ్యములు కావు. వర్తకునికి రాబడిని బలుకు పెట్టెవలెనే, వ్రేలు మోపకముందు ఎంత పోవనున్నదో, మోపినపిమ్మట ఎంత మిగిలెనో ప్రతియంత్రము తెలుగున బలుకవలెను. కర్ణాటకపు సరిహద్దు పల్లెలలో కన్నడమునను బలుకవలెను. ప్రతి చెల్లింపునకు కాగితపు రసీదు చేతికీయవలెను. వ్రేలిముద్ర పడనివానికి వేఱొక మార్గము చట్టముచే నుండవలెను. వ్రేలిముద్రలకు తాళము వేయు పనియు, మోసపోయినవాని ఫిర్యాదు వ్రాయు పనియు గ్రామ సచివాలయమున జరుగవలెను. నగదు కోరినవానికి నగదు నిరాకరింపరాదు.

యంత్రమునకు లెక్క తెలియును గాని గుడిసె తెలియదు. ఊరి మనుష్యునకు గుడిసె తెలియును గాని లెక్కలో తడబాటు కలుగవచ్చును. అంధపంగు న్యాయమున ఒకరి కన్నులు, వేఱొకరి కాళ్లు కలిసిననే పయనము సాగును. బ్యాంకు ప్రతినిధి బల్లయొద్ద నిలిచిన ఆ వృద్ధురాలు, నా ఖాతానుండి పోయినదెంత యని యడిగి, సరియైన సమాధానము తన భాషలో విని, తప్పైనచో తన యూరనే దిద్దించుకొన గలిగిననాడు మన దేశము సిద్ధమైనట్లు లెక్క.