పందిరి ద్రాక్ష కింద నేల ఖాళీగా ఎందుకు? – పోర్చుగల్ తోట, మన అనాబ్ షాహి



పంజాగుట్టలో ఒక వైన్ షాపులో పోర్చుగల్ తెల్ల వైన్ సీసా చూశాను. పేరు విన్యో వెర్దె, అంటే 'పచ్చి వైన్'. పచ్చికాయతో చేసిందని కాదు. ఏళ్లతరబడి నిల్వ పెట్టకుండా, కోతయిన కొద్ది నెలలకే తాగేస్తారని ఆ పేరు. ఆల్కహాల్ తక్కువ, పులుపు ఎక్కువ. తాగమని చెప్పడం నా పని కాదు, నాకు కావాల్సింది దాని వెనక ఉన్న తోట.

పోర్చుగల్ వాయవ్య మూలన మిన్యో ప్రాంతం ఉంది. 1908లో ఈ వైన్‌కి అక్కడ హద్దులు గీశారు. గ్రానైట్ నేల, చిన్న చిన్న కమతాలు. అట్లాంటిక్ వానలు చాలాచోట్ల ఏడాదికి 1,200 మి.మీ. పైనే. అమెరికా ఖండం నుంచి మొక్కజొన్న వచ్చాక పొలం దానికి పోయింది, ద్రాక్ష గట్టెక్కింది. గట్టు మీది చెట్లకే తీగ పాకించారు. లేదంటే రాతి స్తంభాలు పాతి పందిరి వేశారు. కింద మొక్కజొన్న, చిక్కుడు, క్యాబేజీ. పైన ద్రాక్ష, నిచ్చెనేసుకుని కోయాలి. ఎత్తులో గాలి ఆడుతుంది కాబట్టి తడి త్వరగా ఆరుతుంది. నీడకి కాయ నిదానంగా పండుతుంది. ఆ వైన్ పులుపులో పందిరికీ కొంత వాటా ఉందన్నమాట!

మనకీ పందిరి కొత్త కాదు. అనాబ్ షాహి తెల్లద్రాక్షని 1890 ప్రాంతంలో హైదరాబాద్‌లో వ్యాప్తిలోకి తెచ్చింది అబ్దుల్ బాకర్ ఖాన్ అని చెబుతారు. తర్వాత మేడ్చల్, శామీర్‌పేట, కీసర వైపు పందిళ్లే పందిళ్లు. ఇప్పుడు అక్కడ చాలావరకు ప్లాట్లు. ఫిబ్రవరిలో అమీర్‌పేట బండ్ల మీద చూడండి, ఎక్కువగా మహారాష్ట్ర నుంచి వచ్చిన గింజలేని ద్రాక్షే. గింజ ఉన్న అనాబ్ షాహిని అడిగేవాళ్లే తక్కువ.

తేడా ఎక్కడుందంటే, మన పందిరి కింద నేల బోడిగా ఉంచాం. నీడ ఒక్కటే కారణం కాదండీ. పైన వారం వారం మందు కొడితే ఆ చుక్కలు కింద కూర మీద పడతాయి. కింద మన ఇంటికి తినే ఆకుకూర పెట్టామా, పైన విషం కొట్టడానికి చెయ్యి రాదు. నా దృష్టిలో అంతర పంటకి ఇదే అసలు లాభం, ఆదాయం తర్వాత సంగతి.

పోర్చుగల్ రైతులు కూడా ఇప్పుడు చాలామంది ఎత్తు పందిళ్లు వదిలి తక్కువ ఎత్తు తీగలకి మారారు. నిచ్చెన ఎక్కే కూలీలు దొరకరు, యంత్రం నడవదు. మన పందిరి ఆరేడు అడుగులే, నిలబడి కోసుకోవచ్చు. ఆ ఇబ్బంది మనకి లేదు.

అక్టోబర్ కత్తిరింపు అవగానే కింద ఎండ బాగా పడుతుంది. పందిరి మూసుకోవడానికి నెలా నెలన్నర పడుతుంది. ఆలోగా మెంతి, తోటకూర కోతకొస్తాయి. ఏప్రిల్ కత్తిరింపు తర్వాత జనుము గానీ పిల్లిపెసర గానీ చల్లి, పూతకి ముందే కోసి అక్కడే ఆచ్ఛాదనగా పరచండి. టమాటా, వంగ, బెండ మాత్రం వద్దు. వేరుబుడిపె నులిపురుగు వాటికీ వస్తుంది, ద్రాక్షకీ వస్తుంది. వాటి బదులు బంతి పెట్టండి. కత్తిరించిన కొమ్మల్లో బూజు, మచ్చ ఉన్నవి ఆచ్ఛాదనలో కలపకుండా తోట బయటికి తీసేయండి. బోర్డో మిశ్రమం సేంద్రియంలో పరిమితంగా ఒప్పుకుంటారు గానీ, అందులోని రాగి నేలలో పేరుకుంటుంది. జీవామృతం పోసే నేలలో వానపాములకి అది మంచిది కాదు. కొమ్మలు పలచగా ఉంచి గాలి ఆడనిస్తే దాని అవసరం తగ్గుతుంది. ఎంత పలచగా ఉంచాలో వీడియోలో కొమ్మ కొమ్మకీ చూపించాను.