మెదడులోని రసాయనాలను చదివే పరీక్ష: అయస్కాంత అనునాద వర్ణపటం

ఎం.ఆర్.ఐ. ప్రతిబింబం ఎలా ఏర్పడుతుందో గత భాగంలో తెలుసుకున్నారు. ఇప్పుడు ఆ ప్రతిబింబం జవాబు చెప్పలేని ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. మూర్ఛ వచ్చిన ఒక రోగికి ఎం.ఆర్.ఐ. తీశారనుకోండి. కాంట్రాస్ట్ మందు ఎక్కించాక మెదడులో ఒకచోట ఉంగరం లాంటి తెల్లని వలయం కనిపించింది. అది క్యాన్సర్ కణితి కావచ్చు, చీముగడ్డ కావచ్చు, క్షయ వల్ల ఏర్పడే ట్యూబర్‌క్యులోమా కూడా కావచ్చు. ఆకారం ఒకటే, చికిత్సలు మాత్రం వేరు. మొదటిదానికి శస్త్రచికిత్స, రేడియేషన్ కావాలి. రెండోదానికి చీము తీసి యాంటీబయాటిక్స్ ఇవ్వాలి. మూడోదానికి నెలల తరబడి క్షయ మందులు వాడాలి. ఇలాంటప్పుడు ఆ చోట ఏయే రసాయనాలు ఉన్నాయో పుర్రె తెరవకుండానే తెలుసుకోవడానికి తోడ్పడేది మాగ్నెటిక్ రెసొనెన్స్ స్పెక్ట్రోస్కోపీ, అంటే ఎం.ఆర్.ఎస్.

రసాయనశాస్త్రం చదివినవారికి ఇది పాత పరిచయమే. కర్బన సమ్మేళనాల నిర్మాణం కనుక్కోవడానికి వాడే ఎన్.ఎం.ఆర్. సూత్రమే ఇక్కడా ఉంది. ‘న్యూక్లియర్’ అనే మాట రోగులను బెదరగొడుతుందని ఆసుపత్రుల్లో దాన్ని వదిలేశారు. నిజానికి ఇందులో రేడియోధార్మికత ఏమీ లేదు.

1.5 టెస్లా అయస్కాంత క్షేత్రంలో హైడ్రోజన్ కేంద్రకం సుమారు 64 మెగాహెర్ట్జ్ వద్ద అనునాదం చెందుతుంది. అయితే అన్ని హైడ్రోజన్‌లూ సరిగ్గా ఒకే పౌనఃపున్యం వద్ద పలకవు. చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లు బయటి క్షేత్రాన్ని కొద్దిగా అడ్డుకుంటాయి. ఎంత అడ్డుకుంటాయన్నది ఆ హైడ్రోజన్ ఏ అణువులో, ఏ స్థానంలో ఉందన్న దానిపై ఆధారపడుతుంది. దీనినే రసాయన విస్థాపనం అంటారు. ఈ తేడా పది లక్షల్లో కొన్ని వంతులే కాబట్టి దాన్ని పి.పి.ఎం.లలో కొలుస్తారు.

అసలు చిక్కు నీటితో వస్తుంది. మనకు కావలసిన పదార్థాల సంకేతం కంటే మెదడులోని నీటి సంకేతం దాదాపు పదివేల రెట్లు బలమైనది. జాతరలో డప్పుల పక్కన నిలబడి గుసగుసలు వినడం లాంటిదే ఈ పని. అందుకే ముందు నీటి సంకేతాన్ని అణచివేస్తారు. అప్పటికీ మిగిలేది బలహీనమైన సంకేతమే కనుక, ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల భుజం ఉన్న ఘనాన్ని ఎంచుకుని, కొన్ని నిమిషాలపాటు సంకేతాలను సేకరించి సగటు తీస్తారు. ఆ ఘనం పేరు వోక్సెల్.

వర్ణపటం చదివేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి: అంకెలు కుడి నుంచి ఎడమకు పెరుగుతాయి. 2.0 వద్ద ఎన్-ఎసిటైల్ ఆస్పార్టేట్ కనిపిస్తుంది. ఇది నాడీకణాలకు గుర్తు. పెద్దవారి ఆరోగ్యవంతమైన మెదడులో ఇదే అన్నిటికంటే ఎత్తైన శిఖరం. 3.0 వద్ద శక్తి వినియోగానికి సంబంధించిన క్రియాటిన్, 3.2 వద్ద కణత్వచాలకు సంబంధించిన కోలిన్ ఉంటాయి. 1.3 వద్ద లాక్టేట్ మామూలుగా కనిపించీ కనిపించకుండా ఉంటుంది. ఆక్సిజన్ అందని చోట అది పైకి లేస్తుంది.

క్రియాటిన్ పెద్దగా మారదన్న నమ్మకంతో మిగతా శిఖరాలను దానితో భాగించి నిష్పత్తులు చెప్పడం వాడుక. ఇది సౌకర్యమే తప్ప నియమం కాదు. 1994లో జర్మనీలోని గోటింగెన్‌లో సిల్వియా స్టోక్లర్, ఆమె సహచరులు రెండేళ్లు నిండని ఒక బాలుడి గురించి ప్రచురించారు. అతని శరీరంలో అదుపులేని కదలికలు ఉండేవి. వర్ణపటం తీస్తే క్రియాటిన్ శిఖరం ఉండవలసిన చోట దాదాపు ఏమీ లేదు. నోటి ద్వారా క్రియాటిన్ ఇవ్వగా ఆ శిఖరం మెల్లగా పెరిగింది, బాలుడి పరిస్థితీ మెరుగుపడింది. క్రియాటిన్ తయారీకి అవసరమైన ఒక ఎంజైమ్ పుట్టుకతోనే లోపించడం దీనికి కారణమని తర్వాత తేలింది. నిష్పత్తుల పట్టిక మాత్రమే చూసేవారికి అటువంటి శిశువులో మిగతావన్నీ విపరీతంగా పెరిగినట్లు కనిపిస్తాయి. కనుక ముందు వర్ణపటాన్ని కళ్లతో చూడండి, అంకెలను ఆ తర్వాత పట్టించుకోండి.

ఇక మన వలయం దగ్గరకు వద్దాం. కణితిలో కణాలు వేగంగా విభజన చెందుతాయి కాబట్టి కోలిన్ పెరుగుతుంది, నాడీకణాలు నశించి ఎన్-ఎసిటైల్ ఆస్పార్టేట్ తగ్గుతుంది. చీముగడ్డ నడుమ ఈ రెండూ కనిపించకపోవచ్చు. వాటికి బదులు 0.9 వద్ద అమైనో ఆమ్లాలు, కొన్నిసార్లు 1.9 వద్ద ఎసిటేట్, 2.4 వద్ద సక్సినేట్ కనిపిస్తాయి. చివరి రెండూ బ్యాక్టీరియా జీవక్రియలో వెలువడేవి. ట్యూబర్‌క్యులోమాలో క్షయ క్రిమి కవచంలోని కొవ్వుల వల్ల, గడ్డ మధ్య కుళ్లిన కణజాలం వల్ల 0.9 నుంచి 1.3 వరకు వెడల్పాటి కొవ్వు శిఖరం లేస్తుంది. క్షయ ఎక్కువగా ఉన్న మన దేశంలో ఈ తేడాకు విలువ ఎక్కువ.

కానీ తీవ్రమైన కణితి నడుమ కణాలు చచ్చినా ఇదే కొవ్వు శిఖరం వస్తుంది. పుర్రెకు ఆనుకున్న చోట నెత్తిచర్మం కింది కొవ్వు కూడా సంకేతంలో కలిసిపోతుంది. గడ్డ వోక్సెల్ కంటే చిన్నదైతే చుట్టూ ఉన్న మంచి కణజాలం లెక్కను చెడగొడుతుంది. అలాంటప్పుడు ఎం.ఆర్.ఐ., రక్తపరీక్షలు, రోగి చెప్పే లక్షణాలు అన్నీ కలిపి చూడాలి. అప్పటికీ తేలకపోతే న్యూరోసర్జన్ చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపక తప్పదు.